మునిగిన అదృష్టం

మా ఇంట్లో చేప చచ్చిపోయిన రోజున మా ఆవిడ చేసిన మొదటి పని రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టడం.

"పోన్లెండి. మనింటికి రాబోయిన గండం ఏదో అది తీసుకుపోయింది" అంది.

అప్పటికి నేను మోచేతుల దాకా తడుపుకుని, టీ వడగట్టే జల్లెడతో ఆ చేపను పైకి తీసే ప్రయత్నంలో ఉన్నాను. తొట్టెలో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. వాసన సంగతి రాయను. మీలో చాలామంది కాఫీ తాగుతూ ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. ఆ నీళ్ళ అడుగున, నడుముకి ఎర్ర రిబ్బను కట్టించుకుని, ఐదు ఆకుపచ్చ కర్రలు నిలబడి ఉన్నాయి. ఆకుపచ్చ అని అలవాటు కొద్దీ అన్నాను. అప్పటికే వాటిలో మూడు పండుబారిపోయి, వేలితో నొక్కితే మాగిన అరటిపండులా లోపలికి పోతున్నాయి.

వాటి పేరు లక్కీ బాంబూ.

ఈ వ్యాసం వాటి మీద ఫిర్యాదు. కర్రల మీద కాదు సుమండీ, పాపం వాటి తప్పేమీ లేదు. వాటికా పేరు తగిలించి అమ్మేవాళ్ళ మీదా, నిలువునా నీళ్ళలో ముంచమని చెప్పేవాళ్ళ మీదా, వింటూనే ముంచిన నా మీదా, ఆఖరికి చచ్చిన చేపకి మన గండాన్ని అంటగట్టే అందరి మీదా.

సంగతి మొదట్నించీ చెబుతాను. కిందటి వేసవి సెలవుల్లో మా మనవరాలు విజయవాడ వచ్చి, "తాతయ్యా, నాకు చేపలు కావాలి" అంది. ముప్ఫయ్యేళ్ళు పద్దులు రాసి రిటైరైన మనిషిని. పిల్ల అడిగినదానికి లెక్క చూసుకోకుండా సరేనన్న సందర్భం అదొక్కటే. రెండడుగుల గాజు తొట్టె, ఎయిర్ పంపు, ఓ మూల వేలాడే బుల్లి ఫిల్టరు, రెండు బంగారు చేపలూ వచ్చాయి. ఒకటి తెల్లగా గుండ్రంగా ఉంది కనక దానికి ఇడ్లీ అనీ, రెండోది ఎర్రగా వేగినట్టుంది కనక వడ అనీ నామకరణం జరిగింది. సెలవులైపోయి పిల్ల వెళ్ళిపోయింది. చేపలు మాకు మిగిలాయి. రోజూ రాత్రి ఫోనులో, మేం ఎలా ఉన్నామని కాదు, ఇడ్లీ వడా ఎలా ఉన్నాయని అడిగేది.

దసరాకి మా బావమరిది వచ్చాడు. వాడు ఎవరింటికి వెళ్ళినా ఉత్త చేతుల్తో వెళ్ళడు. అది వాడి మంచితనం. ఏం తీసుకెళ్ళాలో మాత్రం కొట్టువాడే చెప్పాలి. అది వాడి బలహీనత. ఐదు కర్రల కట్ట బల్ల మీద పెట్టి, "బావగారూ, ఇది ఇంట్లో ఉంటే లక్ష్మీదేవి గడప దాటదు" అన్నాడు.

"ఐదే ఎందుకురా?"

"ఐదైతే ఆరోగ్యం. మూడైతే సుఖం. ఎనిమిదైతే డబ్బు. నాలుగు మాత్రం ఇవ్వకూడదట."

ఒక్కో కొట్లో ఒక్కో లెక్క చెబుతారని తర్వాత నాలుగు కొట్లు తిరిగి తెలుసుకున్నాను. నాలుగు వద్దనడం మాత్రం అన్ని చోట్లా ఒకటే. దానికో కారణం లేకపోలేదు. చైనా భాషలో నాలుగు అనే మాటా, చావు అనే మాటా దాదాపు ఒకేలా పలుకుతాయి. మన భాషలో ఆ బాధ లేదు. పోనీ మోసేవాళ్ళు నలుగురని మనకీ కాస్త భయం ఉందనుకోండి.

"ఎక్కడ పెట్టాలి?" అంది మా ఆవిడ.

"నీళ్ళలోనే పెరుగుతుందటక్కా. చేపల తొట్టెలో దింపెయ్యమన్నాడు కొట్టువాడు. చేపా వెదురూ కలిస్తే అదృష్టం రెట్టింపట."

దింపేశాను. అడుగున గులకరాళ్ళలో గుచ్చి, కర్రలూ ఆకులూ సమస్తం మునిగేలా నిలబెట్టాను. దీపం వేస్తే ఎంత అందంగా ఉందంటే, ఫొటో తీసి పిల్లకి పంపించాను. ఇడ్లీ, వడ ఆ కర్రల మధ్య దాగుడుమూతలాడాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొదటి నెల రోజులూ మా ఇంట్లో అంతకన్నా చూడముచ్చటైన వస్తువు లేదు.

ఇహ ఇక్కణ్ణించి నా ఫిర్యాదు.

నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, లక్కీ బాంబూలో వెదురు అంత. అది వెదురు కాదు. వెదురు గడ్డిజాతి, మన వరికీ చెరుకుకీ దగ్గర చుట్టం. కొట్లో అమ్మే ఈ కర్ర డ్రసీనా అనే జాతి. శాస్త్రం పేరు డ్రసీనా శాండెరియానా. పుట్టిల్లు ఆఫ్రికాలో కామెరూన్ ప్రాంతపు అడవి నీడ. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో మొక్కల వ్యాపారం చేసిన శాండర్ అనే ఆయన పేరు దానికి పెట్టారు. ఆయన 1847లో జర్మనీలో పుట్టి, 1920లో పోయాడు. ఆర్కిడ్ పూల వ్యాపారంలో మహా ప్రసిద్ధుడు. ఆఫ్రికా మొక్క, ఇంగ్లీషు దొర పేరు, చైనా తోటల్లో పెంపకం, విజయవాడలో అమ్మకం. దీన్ని పట్టుకుని "మన పూర్వీకుల నుంచీ వస్తున్నది సార్" అన్నాడో కొట్టాయన. ఏ పూర్వీకులో నేనడగలేదు.

దానికి మన దగ్గర చుట్టం లేకపోలేదు. పొలం గట్ల మీద, రాళ్ళ మధ్య కత్తుల్లా నిలబడే చాగ ఉందే, నార తీసేవారు చూడండి, దాన్ని ఇప్పుడు శాస్త్రజ్ఞులు డ్రసీనా జాతిలోనే కలిపేశారు. చాగని ఎవరూ రిబ్బను కట్టి బహుమతిగా ఇవ్వరు. ఊరికే దొరికేదానికి అదృష్టం ఉండదు కాబోలు.

పేర్ల తికమక ఒక్క కొట్టువాళ్ళదే అంటే అన్యాయం అవుతుంది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురుని చెట్ల జాబితాలో రాసేసింది. గడ్డిని చెట్టన్నారు. అంచేత సొంత చేలో పెంచుకున్న వెదురు నరికి బండికెత్తాలన్నా పర్మిట్ల బాధ వచ్చేది. ఆ మాటని చట్టంలోంచి తీసెయ్యడానికి 2017 దాకా, అంటే 90 ఏళ్ళు పట్టింది. గడ్డిని చెట్టని ప్రభుత్వం అనొచ్చునట గానీ, డ్రసీనాని వెదురని కొట్టువాడు అనకూడదా అని మా బావమరిది వాదించాడు. వాడు లా చదివి ఉండాల్సింది.

కానీ నా బాధ వేరు. మనకి అసలు వెదురు లేదా? పుట్టిన పిల్లని పడుకోబెట్టే చేట వెదురుది. పెళ్ళికూతుర్ని మేనమామ ఎత్తుకొచ్చే బుట్ట వెదురుది. పందిరి గుంజలు, తడిక, నిచ్చెన, ధాన్యం గాదె, పిల్లనగ్రోవి, ఆఖరికి పాడె. పుట్టుక నుంచి కాటి దాకా మన పక్కన నిలబడే గడ్డి అది. మేదరివాళ్ళు బ్లేడులాంటి కత్తితో దాన్ని చీల్చి, నడుం వంచి అల్లిన చేటకి మనం రోడ్డు మీద నిలబడి పది రూపాయలు తగ్గించమని బేరమాడతాం. వెదురు కాని వెదురుకి మాత్రం బోర్డు మీద రాసిన ధర నోరెత్తకుండా ఇచ్చేస్తాం. నేను ఇచ్చాను కూడాను, రెండోసారి.

సరే, పేరు సంగతి వదిలేద్దాం. పేరు ఎవర్నీ చంపదు. చంపింది ముంచడం.

మీరు హైస్కూల్లో చదివే రోజుల్లో సైన్సు మేష్టారు ఓ గాజు గ్లాసులో హైడ్రిల్లా అనే నాచు వేసి, గరాటు బోర్లించి, దాని మీద పరీక్షనాళిక పెట్టి ఎండలో ఉంచిన సంగతి గుర్తుందా? బుడగలు పైకి వస్తుంటే, "ప్రాణవాయువురా, ప్రాణవాయువు" అని ఆయన సంబరపడిపోయేవారు. ఆ నాచుకి నీళ్ళలోనే కాపురం. దాని ఆకులు తడి కాగితంలా పల్చన. నీళ్ళలో కరిగిన బొగ్గుపులుసు వాయువుని ఒంటితోనే పీల్చుకుంటుంది. డ్రసీనా ఆకు అలాంటిది కాదు. దాని మీద మైనపు పూత. గాలి ఆడటానికి చిన్న చిన్న రంధ్రాలు. గాలిలో ఈ వాయువులు కదిలే వేగంతో పోలిస్తే నీళ్ళలో కదలడం సుమారు పదివేల రెట్లు నెమ్మది. కాబట్టి ఆకుతో సహా ముంచిన డ్రసీనా మొదటి రోజు నుంచే ఉక్కిరిబిక్కిరవుతూంటుంది. కాడలో దాచుకున్న సరుకు ఉంటుంది కనక వెంటనే చావదు. వారాలు, ఒక్కోసారి నెలలు పచ్చగానే నిలబడుతుంది. అదీ మోసం. కొట్టువాడు "చూడండి, మా కొట్లో ఎప్పట్నించో నీళ్ళలోనే ఉంది" అంటే అబద్ధం చెప్పినట్టు కాదు. అప్పుచేసి తినేవాడు కూడా కొన్నాళ్ళు బాగానే కనిపిస్తాడు.

దాని వేళ్ళు మాత్రం నీళ్ళలో హాయిగా ఉంటాయి. ఆకులు గాలిలో, వేళ్ళు నీళ్ళలో. ఈ ఒక్క ముక్క ఆ కొట్లో ఎవరైనా చెప్పి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

చేపల తొట్టె అంటే నీళ్ళు పోసిన గాజు పెట్టె అనుకుంటాం. అది ఓ చిన్న ఊరు. ఊరన్నాక మురుగు ఉంటుంది. చేప మొప్పల్లోంచీ, రెట్టలోంచీ అమ్మోనియా వస్తుంది. అది దానికే విషం. ఫిల్టరు స్పాంజిలోనూ గులకరాళ్ళ మీదా కాపురం పెట్టిన సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాని నైట్రైట్ చేస్తాయి, అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్ చేస్తాయి; అది కాస్త నయం. ఈ పారిశుద్ధ్య సిబ్బంది కొత్త తొట్టెలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చివర మిగిలిన నైట్రేట్ మొక్కలకి ఎరువు. వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట పెట్టిన మొక్క ఆ ఎరువు తాగి చేపకి మేలు చేస్తుంది. లక్కీ బాంబూ కూడా చేస్తుంది, దాని తాహతు కొద్దీ. నిదానంగా పెరిగే మొక్క కనక నిదానంగానే తాగుతుంది. నాలుగు కర్రలు పెట్టేశాం కదా, ఇహ నీళ్ళు మార్చక్కర్లేదు అనుకుంటే మాత్రం, వంటింట్లో తులసి ఆకు పెట్టి గిన్నెలు తోమడం మానేసినట్టే.

చచ్చిన మొక్క ఏం చేస్తుందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. కుళ్ళు అంటే మళ్ళీ అమ్మోనియా. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీళ్ళలోని ప్రాణవాయువంతా తాగేస్తాయి. మార్గశిర మాసంలో ఓ ఉదయం ఇడ్లీ, వడ రెండూ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ కనిపించాయి.

"పాపం, ఆకలేస్తోందండీ" అంది మా ఆవిడ. రెండు చిటికెలు మేత వేసింది.

సాయంత్రమూ అలాగే ఉన్నాయి. ఈసారి నేను వేశాను.

అవి అడిగింది మేత కాదు, గాలి. ఊపిరాడక నోరు తెరిచిన జీవికి మేం తిండి పెట్టాం. తినని మేత అడుక్కి చేరి అదీ కుళ్ళింది. రెండు రోజులు. మూడో రోజు పొద్దున వడ పక్కకి తిరిగి తేలింది. ఒక్క లక్కీ బాంబూయే దాన్ని చంపిందని నేను కోర్టులో ప్రమాణం చెయ్యలేను. మేతా, నా బద్ధకమూ, ఆ కర్రలూ కలిసి చేసిన పని అది. ఈ ముగ్గురిలో గండం అనే నాలుగో ముద్దాయి నాకెక్కడా కనపడలేదు.

మధ్యలో ఇంకో ముక్క చెప్పాలి. దీనికి చేపతో సంబంధం లేదు గానీ దిష్టితో ఉంది. ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు నల్గొండలో ఉన్నాను. మర్రిగూడ వైపు వెళితే, నీళ్ళలో ఫ్లోరైడు తాగి తాగి నడుములు వంగిపోయిన నడివయసు మనుషులు కనపడేవారు. పటికా సున్నమూ వేసి నీళ్ళలో ఫ్లోరైడు తీసే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి అని. నాగపూరులోని పరిశోధనా సంస్థ వాళ్ళు తయారుచేశారు. మనిషి తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు గీసింది. డ్రసీనా జాతి మొక్కలు అంతకన్నా చాలా తక్కువకే ఆకు కొసలు మాడ్చుకుంటాయి. రాత్రంతా బకెట్లో నీళ్ళు ఉంచితే క్లోరిన్ చాలామటుకు పోతుంది. ఫ్లోరైడు పోదు, మరిగిస్తే ఇంకా చిక్కనవుతుంది. బోరు నీళ్ళు పోసి, కొసలు మాడగానే "ఎవరి దిష్టో తగిలింది" అని మొక్కకి నిమ్మకాయ తిప్పేవాళ్ళని చూశాను. ఆ నీళ్ళే ఇంట్లో పిల్లలు కూడా తాగుతున్నారేమో చూసుకోండమ్మా అంటే, ఈయనకి చాదస్తం అన్నారు. మొక్క నోరు లేకుండానే నీటి పరీక్ష చేసి ఫలితం చూపిస్తుంటే మనం దాని తలచుట్టూ ఉప్పు తిప్పుతున్నాం.

ఇంకొకటి. షోకేసు మీద, టీవీ పక్కన, గాజు గిన్నెలో అంగుళం నీళ్ళు పోసి ఈ కర్రలు పెడతారు కదా. వారం పది రోజులు ఆ నీళ్ళు మార్చకపోతే డెంగ్యూ దోమకి అంతకన్నా మంచి పురిటిగది దొరకదు. ఇది నా ఊహ కాదు. 2001లో దక్షిణ చైనా నుంచి ఓడల్లో నీళ్ళతో సహా వచ్చిన లక్కీ బాంబూ పెట్టెల్లో, అమెరికాలోని కాలిఫోర్నియా రేవులో, ఏడిస్ జాతి పులిదోమ పిల్లలు దొరికాయి. ఆ తర్వాత వాళ్ళు నీళ్ళు లేకుండా తెస్తేనే రానిస్తామన్నారు. నెదర్లాండ్సులో కూడా ఈ కర్రలు దిగుమతి చేసుకునే తోటల్లో 2005లో అదే దోమ బయటపడింది. ఆ లెక్కన చేపల తొట్టెలో పెట్టడమే నయం. దోమపిల్ల కనపడితే చేప ఫలహారం చేస్తుంది. చూశారా, తొట్టెలో పెట్టడం తప్పని నేననడం లేదు. ముంచడం తప్పంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గండం.

వడ పోయిందని తెలిసి పరామర్శకి వచ్చినవాళ్ళు, అవును, చేపకీ పరామర్శకి వచ్చారు, మా వీధి అలాంటిది, ఒక్కరు కూడా "అయ్యో ఎలా పోయింది?" అనలేదు. "మంచిదే అయింది" అన్నారు. "ఇంటి యజమాని మీదికి రాబోయింది చేప మీదికి పోయింది" అన్నారు. పక్క వీధిలో ఒకాయన తన ఇంట్లో ఆర్నెల్లలో పదకొండు చేపలు పోయాయనీ, అంచేత తనకి ఒక్క ఆపదా రాలేదనీ ఛాతీ విరుచుకుని చెప్పాడు. నేనాయన తొట్టె చూశాను. కొబ్బరికాయంత గాజు బుడ్డి. అందులో, ఇప్పటి చేప పన్నెండోది, మెడ తిప్పడానికి చోటు లేక అక్కడక్కడే గింగిరాలు కొడుతోంది. పైన మూడు కర్రలు, ఎర్ర రిబ్బను.

ఇంగ్లండులో 1956లో ఓ జాతరలో ఓ పిల్లాడు గెలుచుకున్న బంగారు చేప 1999 దాకా బతికింది, 43 ఏళ్ళు. టిష్ దాని పేరు, గిన్నిస్ పుస్తకానికెక్కింది. అంత కాకపోయినా, సరైన చోటూ నీళ్ళూ ఉంటే పదేళ్ళు బతకడం బంగారు చేపకి వింతేం కాదు. పదేళ్ళు బతకాల్సింది పదిహేను రోజులకే పోతే, దాన్ని మనం చేసిన పొరపాటు అనాలి. గండం అన్నామా, ఇహ ఆ పొరపాటు దిద్దుకునే పని తప్పుతుంది. నీళ్ళు పరీక్షించక్కర్లేదు, బుడ్డి మార్చక్కర్లేదు, కుళ్ళిన కర్ర తియ్యక్కర్లేదు. చేప చస్తే లాభం, బతికితే లాభం. నా పద్దుల అనుభవంలో నష్టం అనే గడి లేని ఖాతా ఎప్పుడు కనపడినా, ఎవరో ఎక్కడో డబ్బు తింటున్నారని అర్థం. ఈ ఖాతాలో ఆ నష్టమంతా ఎవరి పేర రాసి ఉందో చూడండి. దానికి సంతకం చెయ్యడం కూడా రాదు.

"మరి మీరు ఆదివారం చేపల పులుసు లాగించరా?" అన్నాడు మా బావమరిది. న్యాయమైన ప్రశ్నే. లాగిస్తాను. కొరమీను దొరికితే రెండు ముద్దలు ఎక్కువే లాగిస్తాను. పులుసు కోసం చచ్చిన చేపని నా ఆకలి కోసం చంపారని నేనెరుగుదును. అది నా కోసం ఆత్మత్యాగం చేసిందని చెప్పుకోను. పైగా దాని చావుకి వారం పట్టదు. వీధి గుమ్మంలో కూచుని మనం ముచ్చటగా చూస్తూండగా, ఊపిరాడక నోరు తెరుస్తూంటే ముద్దొస్తోందనుకుంటూ ఉండగా చచ్చే చావు అది కాదు.

"నమ్మకం మనిషికి ధైర్యం ఇస్తుందండీ" అంది మా ఆవిడ. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఆవిడ నమ్మకాల్లో సగం నేను బతికుండటానికి సంబంధించినవే కనక నేను ఎక్కువ మాట్లాడితే కృతఘ్నత అవుతుంది. నేను గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. గండం అన్నప్పుడు ఆవిడ కళ్ళ ముందు ఏముందో నాకు తెలుసు. ఆవిడతో వాదించలేదు. కానీ ఆ రాత్రి ఫోనులో పిల్లకి చెప్పాల్సి వచ్చింది.

మా ఆవిడే చెప్పింది. "వడ తాతయ్య గండం తీసుకుని దేవుడి దగ్గరికి వెళ్ళిందమ్మా" అంది.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత పిల్ల అడిగింది: "అయితే ఇడ్లీ ఎవరిది తీసుకుంటుంది అమ్మమ్మా? నాదా?"

మా ఆవిడ ఫోను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. కర్రలు నీళ్ళలో ముంచానమ్మా, కుళ్ళిపోయాయి, నీళ్ళు పాడయ్యాయి, నేను చూసుకోలేదు అని. పిల్ల ఏడ్చింది. నన్ను తిట్టింది కూడా. తిట్టాక, "ఇప్పుడు నీళ్ళు మార్చావా మరి?" అంది. ఆ ప్రశ్న మా వీధిలో పెద్దవాళ్ళెవరూ అడగలేదు.

మార్చాను. మొత్తం ఒక్కసారిగా మారిస్తే ఉన్న సూక్ష్మజీవులూ చేపా రెండూ బెదిరిపోతాయి కనక, రోజుకి పావు వంతు చొప్పున, క్లోరిన్ మందు చుక్కలు వేసిన నీళ్ళతో మార్చాను. పండుబారిన కర్రలు తీసి పారేశాను. పసుపు కాడ మళ్ళీ పచ్చబడదు. ఒకటి కుళ్ళితే పక్కదానికి అంటిస్తుంది. మిగిలిన రెండింటినీ కడిగి, అడుగు రెండంగుళాలూ వేళ్ళూ నీళ్ళలో, ఆకులు పూర్తిగా బయట ఉండేలా, తొట్టె అంచుకి వేలాడే ఫిల్టరు పెట్టెలో నిలబెట్టాను. నేరుగా ఎండ తగలని కిటికీ పక్కన. మొక్క కోసమని కొట్లో అమ్మే ఎరువు చుక్కలు వెయ్యలేదు. అది గిన్నెలో పెట్టుకునేవాళ్ళకి, చేపలున్నచోట కాదు. చేపే ఎరువు. పిల్లులూ కుక్కలూ ఉన్న ఇళ్ళలో ఆకులు వాటికి అందకుండా చూసుకోవాలి, నమిలితే వాంతులవుతాయి.

అంతకన్నా బాగా పనిచేసింది మనీప్లాంటు. పసిఫిక్ సముద్రంలో మూరియా అనే దీవిది అది. దానికీ మనీకీ ఏ సంబంధమూ లేదు. ఓ తీగ ముక్క కణుపు దగ్గర కోసి నీళ్ళలో వేలాడదీస్తే, మూడు వారాల్లో జడకుచ్చుల్లా వేళ్ళు దించింది. దొంగిలించి తెస్తేనే మనీప్లాంటు కలిసొస్తుందని మా ఆవిడ పక్కింటి గోడ మీంచి తుంచుకొచ్చింది. పక్కింటావిడ చూసింది. చూసి కూడా చూడనట్టు లోపలికి వెళ్ళింది; ఆవిడ తీగ కూడా మా ఇంటిదే మరి.

ఇడ్లీ కులాసాగానే ఉంది. పైకి వచ్చి నోరు తెరిస్తే మా ఆవిడ ఇప్పుడు మేత డబ్బా తియ్యదు. "ఏమండీ, పంపు ఆడుతోందా?" అని కేకేస్తుంది. రోజూ పొద్దున తొట్టెకి దణ్ణం పెట్టడం మాత్రం మానలేదు. నేనేమీ అనను. అన్నట్టు ఎర్ర రిబ్బను విప్పేశాను. తడికి రంగు దిగుతోంది.

కిందటి వారం మా బావమరిది ఫోను చేశాడు. వాళ్ళ ఆఫీసరు గారి గృహప్రవేశం. ఎనిమిది కర్రల కట్ట తీసుకెళ్ళనా, మీరేమంటారు అని.

"తీసుకెళ్ళు. ఆకులు బయట ఉండాలని చెప్పు" అన్నాను.

"వాళ్ళకి పెద్ద అక్వేరియం ఉంది బావగారూ. అందులో పెడితే అందంగా..."

"ఒరేయ్, పోనీ మేదరి వీధికెళ్ళి మంచి చేట ఒకటి కొను. గట్టి అల్లికది చూసి కొను. బేరమాడకు."

"గృహప్రవేశానికి చేటా?" అన్నాడు. వాడు నవ్వుతున్నాడో, ఆలోచిస్తున్నాడో ఫోనులో తెలియలేదు.